దయచేసి నాకు వోటు వెయ్యకండి

మూడు వారాల కిందట మీలో చాలామందికి నా దగ్గర్నుంచి ఒక మెయిలు వచ్చుంటుంది. "శాస్త్రీయ గాత్రం విభాగంలో నా ఆల్బం నామినేట్ అయింది, కింద లింకు నొక్కి వోటు వెయ్యండి, వీలైతే ఇంట్లోవాళ్ళ చేత కూడా వేయించండి" అని. పాత కంపెనీ వాళ్ళకీ, ఇంజనీరింగ్ కాలేజీ గుంపుకీ, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుకీ, ఆఖరికి మా టీంకి కూడా పంపించాను. మా టీంలో ఒక ఢిల్లీ అబ్బాయి పాట వినకుండానే వోటేసి "డన్ సర్" అని జవాబు కూడా ఇచ్చాడు. అప్రైజల్ నెల కదా మరి.

ఆ మెయిలు వెనక్కి తీసుకోడానికే ఇది రాస్తున్నాను. మెయిలు రీకాల్ కొడితే ఏమవుతుందో మనందరికీ తెలుసు, అప్పటిదాకా చదవనివాడు కూడా వెతికి మరీ చదువుతాడు :-) అందుకని కాస్త వివరంగానే చెబుతాను.

నా సంగతి తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. మాది రామతీర్థం. విజయనగరం నుంచి నెల్లిమర్ల మీదుగా వెళ్ళాలి, డజను కిలోమీటర్లు ఉంటుందంతే. గుడి దగ్గర మా నాన్నకి కొబ్బరికాయల దుకాణం ఉండేది. మా ఇంట్లో అంతకు ముందు సంగీతం అన్న మాట ఎవరికీ తెలీదు. గుడిలో నాదస్వరం వినపడితే ఆడుకోవడం మానేసి అక్కడే నిలబడిపోతున్నానని మా నాన్న నన్ను విజయనగరం సంగీత కళాశాలలో సర్టిఫికెట్ కోర్సుకి చేర్చాడు. బడి అయ్యాక బస్సెక్కి వెళ్ళడం, చీకటిపడ్డాక తిరిగి రావడం. నెల్లిమర్లలో బస్సు ఆగినప్పుడు జూట్ మిల్లు కూత వినపడితే అది ఏ శ్రుతో పోల్చుకోడానికి ప్రయత్నించేవాణ్ణి. ఆ తర్వాత అందరిలాగే ఎంసెట్, ఇంజనీరింగ్, హైదరాబాదు. పాట మాత్రం వదల్లేదు. పొద్దున్న ఐదింటికి ఒక గంట, ప్రొడక్షన్ రిలీజు ఉన్న రోజుల్లో అదీ లేదు.

రెండేళ్ళ కిందట సొంత డబ్బులతో ఒక ఆల్బం చేశాను. దాన్ని ఒక సంస్థ వాళ్ళ అవార్డుకి పంపించింది మా ఆవిడ. ఏ సంస్థో రాయను, అనవసరం. ఫారం నింపుతున్నప్పుడు "గురువు పేరు" అన్న గడి వచ్చింది, నింపాం. దాని కిందే "గురువు పొందిన పురస్కారాలు" అని ఇంకో గడి. అది ఖాళీగా వదిలేస్తే ఫారం ముందుకి కదలట్లేదు! కంపల్సరీ ఫీల్డు. ఏ మహానుభావుడు డిజైన్ చేశాడో గానీ, నేను రివ్యూలో ఉండుంటే ఒప్పుకునేవాణ్ణి కాదు. మాస్టారికి ఫోన్ చేసి అడిగితే, "శాలువాలు చాలా ఉన్నాయోయ్, అవి రాస్తారా? ఒకటి మాత్రం తంబురాకి కప్పుతున్నాను, అది లెక్కలోంచి తీసెయ్" అన్నారు. ఆ గడిలో ఒక చుక్క పెట్టి ముందుకెళ్ళాం.

ఎంపికయ్యానని తెలిసిన రోజు అమ్మకి ఫోన్ చేశాను.

"అమ్మా, నామినేషన్ వచ్చిందే."

"నామినేషనేటి నానా? ఏ పార్టీ తరపున ఏసీసావు? నాకో మాటైనా సెప్పకుండా!"

అర్థమయ్యేలా చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. అంతా విని, "అయితే ఇంకా గెలవలేదన్నమాట. వోట్లు అడగాల గావాల" అంది. అమ్మ అన్నది అక్షరాలా నిజం. సగం మార్కులు న్యాయనిర్ణేతలవి, సగం వోట్లవి. అప్పుడే ఆ మెయిలు తయారైంది.

నామినేషన్ అన్నాక మనిషికి ఏదో అవుతుందండీ. నాకూ అయింది. వారం రోజులు ఆఫీసులో పని చేస్తూ పక్క విండోలో వోట్ల లెక్క చూస్తూ కూర్చున్నాను. మిగతా నలుగురూ ఎవరో, ఎక్కడ నేర్చుకున్నారో, వాళ్ళ కచేరీల వీడియోలకి ఎంతమంది వచ్చారో తవ్వి తీశాను. వాళ్ళలో ఒకమ్మాయి పాట నిజంగా బావుంది. బావుందని మా ఆవిడతో చెప్పలేదు. అంత చిన్న మనిషినైపోయాను ఆ వారంలో.

అంతటితో ఆగకుండా అవార్డుల మీద పరిశోధన కూడా మొదలుపెట్టాను. మన మహారాజా వారి సంగీత కళాశాలనే తీసుకోండి. 1919లో విజయరామ గజపతి పెట్టింది, మొదటి అధ్యక్షుడు ఆదిభట్ల నారాయణదాసు గారు. దాసు గారిది మన వైపే, అజ్జాడ. ఆయన పోయింది 1945లో, పద్మ పురస్కారాలు పుట్టింది 1954లో. అంచేత ఆయన పేరు ముందు పద్మ ఏదీ లేదు, ఉన్నదల్లా హరికథా పితామహుడు అని జనం పెట్టుకున్న పేరు. అదే కళాశాలలో మొదట్నుంచీ వయొలిన్ నేర్పిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సదస్సుకి అధ్యక్షత వహించారు, 1957లో పద్మశ్రీ వచ్చింది. అక్కడే చదువుకున్న నేదునూరి కృష్ణమూర్తి గారికి 1991లో సంగీత కళానిధి. శ్రీకాకుళం జిల్లా ప్రియాగ్రహారంలో పుట్టిన శ్రీపాద పినాకపాణి గారికి 1983లో. పాణి గారి సంగతి మనలాంటివాళ్ళు ప్రత్యేకం చెప్పుకోవాలి. ఆయన వృత్తికి డాక్టరు, కర్నూల్లో స్థిరపడ్డారు. పగలంతా రోగులు, వైద్య విద్యార్థులు. ఆ మధ్య దొరికిన టైములో నేదునూరినీ, నూకల చినసత్యనారాయణనీ, ఓలేటి వెంకటేశ్వర్లునీ తయారుచేశారు. "ఉద్యోగం వల్ల సాధనకి టైము లేదు" అని నేను ఎవరితోనైనా అంటున్నప్పుడు ఆయన గుర్తొచ్చి నోరు మూతపడుతుంది. అన్నట్టు ఆ శిష్యుల్లో ఓలేటి గారి పేరు సంగీత కళానిధుల జాబితాలో లేదు. ఓలేటి పాట ఒకసారి విన్నవాడెవడికీ ఆ జాబితా గుర్తు రాదు, అది వేరే విషయం.

ఘంటసాల గారి కథ మీకు తెలిసిందే. చదువుకోడానికి విజయనగరం వస్తే సెలవులకి కళాశాల మూసేసి ఉంది. ఇంటింటా మధుకరం ఎత్తుకుని తిన్నారు. అప్పుడు చేరదీసి, దక్షిణ ఆశించకుండా నేర్పింది పట్రాయని సీతారామశాస్త్రి గారు, సాలూరు చిన గురువు గారంటారు. శిష్యుడికి 1970లో పద్మశ్రీ వచ్చింది. గురువు గారు అప్పటికే లేరు. మా ఫారంలో గడి ఆయన శిష్యులు నింపాల్సొస్తే వాళ్ళు కూడా చుక్కే పెట్టేవారేమో.

ఇప్పుడు పద్ధతి మారింది. పద్మ పురస్కారాలకి ఎవరి పేరైనా ఎవరైనా ఆన్‌లైన్లో పంపొచ్చు, ఎవరి పేరు వాళ్ళే పంపుకోవచ్చు కూడా. గ్రామీకైతే అక్కడి అకాడమీలో వోటు హక్కున్న సభ్యులు మొదటి విడతలో నామినేషన్లు తేలుస్తారు, రెండో విడతలో విజేతని. ఏ పద్ధతి గొప్పదని నేను తీర్పు చెప్పను. కానీ పాడినవాడే లింకు పట్టుకుని వీధిలో పడే పద్ధతి మాత్రం మా అమ్మ అనుకున్న నామినేషన్‌కి చాలా దగ్గరగా ఉంది.

సరే, అసలు విషయానికొస్తాను. శ్రీరామనవమికి ఊరెళ్ళాను. విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో విజయనగరంలో దిగి ముందు మాస్టారింటికే వెళ్ళాను. ఆయనకిప్పుడు ఎనభై ఒకటి. ఏటా నవమికి రామతీర్థం వచ్చి, గుడిలో ఎవరూ పిలవకపోయినా, ఒక పక్కన కూర్చుని రెండు మూడు కీర్తనలు పాడి వెళ్ళడం ఆయన అలవాటు. కొండ మీద కోదండరాముడి విగ్రహాన్ని 2020 డిసెంబరులో ఎవరో ధ్వంసం చేసినప్పుడు టీవీలు నెల రోజులు మా ఊళ్ళోనే ఉన్నాయి కదా, ఆ తర్వాత వచ్చిన నవమికి కూడా వచ్చి పాడారు. 2022లో కొండ మీద కొత్త గుడి తెరిచాక మెట్లెక్కాలని పట్టుబట్టి సగం దాకా ఎక్కి, ఆయాసంతో అక్కడే కూర్చుండిపోయారు. అప్పట్నుంచి కింద గుడిలోనే.

కారులో రామతీర్థం వెళ్తుంటే, "ఏదీ, ఆ నామినేషన్ పాట వినిపించు" అన్నారు. తోడి. ఆలాపన, ఆ వెనక త్యాగరాజ కృతి. కళ్ళు మూసుకుని విన్నారు. నెల్లిమర్ల దాటాం. ఆలాపన చివర తారస్థాయి షడ్జం మీద ఒక పెద్ద కార్వై ఉంది. అది మొదలవగానే ఆయన చెయ్యి పైకి లేచింది. లేచిన చెయ్యి అలాగే ఉంది. కార్వై అయ్యాక దించి, ఆపమన్నారు.

"మళ్ళీ పెట్టు."

పెట్టాను. ఈసారి వాచీ చూసుకుంటూ విన్నారు.

"ఇరవై మూడు సెకన్లు. ఊపిరి ఎక్కడ తీసుకున్నావోయ్?"

నేను మాట్లాడలేదు.

"నా దగ్గర ఉన్నప్పుడు ఇంత లేదు నీకు. పన్నెండు దాటేది కాదు. ఎలా చేశావు? ప్రాణాయామమా?"

అవునన్నట్టు తలూపాను. ఆ తలూపడం గురించే ఇదంతా.

ఆ ఇరవై మూడు సెకన్లు ఎలా వచ్చాయంటే, స్టూడియోలో ఆ కార్వై నాకు పన్నెండు సెకన్లకే అయిపోయింది. ఊపిరి తీసుకుని మళ్ళీ అందుకుని ఇంకో పదకొండు నిలబెట్టాను, రెండింట్లో ఏదో ఒకటి వాడుకోవచ్చు కదా అని. రికార్డింగ్ అబ్బాయి మధ్యలో ఊపిరి కత్తిరించి రెండూ అతికించేశాడు. రెండో ముక్క శ్రుతికి కొంచెం కిందుగా ఉంది, దాన్ని పైకి జరిపాడు. "వినండి సార్" అన్నాడు. విన్నాను. అద్భుతంగా ఉంది. ఉంచెయ్యమన్నాను. మన భాషలో చెప్పాలంటే ప్రొడక్షన్లో చిన్న ప్యాచ్.

ఈ శ్రుతి సవరించే సాఫ్ట్‌వేర్ కథ కూడా సరదాగా ఉంటుంది. ఆటోట్యూన్ 1997లో బజారుకొచ్చింది. దాన్ని తయారుచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకు ముందు చమురు నిక్షేపాల కోసం భూమి లోపలి ప్రకంపనల సంకేతాలు విశ్లేషించే పని చేసేవాడు. ఆ ఆటోకోరిలేషన్ లెక్కే గొంతులో శ్రుతి పట్టుకోడానికీ పనికొచ్చింది. అయితే మన సంగీతం దగ్గర దానికి చుక్కెదురే. తోడిలో గాంధారం ఒకచోట నిలబడదు, రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతుంది, ఆ ఊగడమే గాంధారం. సాఫ్ట్‌వేర్ దాన్ని తప్పు అనుకుంటుంది. మా అబ్బాయి మొదట ఆలాపన మొత్తానికీ సవరణ పెట్టేస్తే తోడి కాస్తా హార్మోనియం మెట్ల మీద నడిచినట్టయింది. గమకం పలకదన్న కారణంతోనే కదా హార్మోనియాన్ని 1940లో ఆకాశవాణి గుమ్మం బయట నిలబెట్టి, 1971 దాకా లోపలికి రానివ్వలేదు! అది చూసి నాకు కోపమొచ్చి అంతా తీయించేశాను. గమకాల జోలికి రావద్దని ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఆ ఒక్క కార్వై మాత్రం ఉంచుకున్నాను. అందులో గమకం లేదు కదా, తిన్నగా నిలబడే స్వరమే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

అందరూ చేస్తారని మీరంటారు. నేనూ అదే అనుకున్నాను. 1990లో గ్రామీ అందుకున్న మిల్లీ వనిల్లీ జంట అసలు ఆ ఆల్బంలో పాడనే లేదని తేలి, అదే ఏడాది అవార్డు వెనక్కి తీసుకున్నారు. వాళ్ళతో పోలిస్తే నాది ఎంత? నలభై ఎనిమిది నిమిషాల ఆల్బంలో ఇరవై మూడు సెకన్లు. ఆ రెండు ముక్కలూ నేను పాడినవే. ఒక శాతం కూడా లేదు. ఈ లెక్కతోనే తిరుగు రైలెక్కి హాయిగా నిద్రపోయాను.

పది రోజుల తర్వాత మాస్టారి భార్య, మేం అమ్మగారంటాం, ఫోన్ చేశారు. ఆవిడ ఎప్పుడూ చెయ్యరు.

"ఏం లేదు నాన్నా, నువ్వోసారి ఆయనతో మాట్లాడు. నవమి నుంచి వచ్చిన దగ్గర్నుంచి తెల్లారగట్ల లేచి కూర్చుంటున్నారు. శ్రుతిపెట్టె పెట్టుకుని ఒకటే షడ్జం. ఊపిరి చాలక దగ్గొస్తోంది. మొన్న కళ్ళు తిరిగాయి. వద్దంటే, 'వాడు ఇరవై మూడు పట్టాడు, నేను పదైనా పట్టలేనా, వాడికి నేర్పింది నేనే కదా' అంటున్నారు. నువ్వు చెబితే వింటారు."

ఆ రోజు ఆఫీసులో ఏం చేశానో గుర్తు లేదు. సాయంత్రం కారు పార్కింగ్‌లోనే కూర్చుని ఫోన్ చేశాను. ముందు ఆరోగ్యం గురించి ఏదో మాట్లాడబోతే ఆయన పడనివ్వలేదు, సాధనకీ దగ్గుకీ సంబంధం లేదన్నారు. ఇంక చెప్పేశాను. అతికించామని, ఊపిరి కత్తిరించామని, కారులో అబద్ధం ఆడానని.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. లైను కట్టయిందేమో అనుకున్నాను. తర్వాత అడిగారు, "ఏ చోట అతికారు?"

"పన్నెండో సెకను దగ్గర."

"తెలీలేదోయ్. నాకు తెలీలేదు." ఆ మాటలో కోపం లేదు, అదే ఎక్కువ బాధగా ఉంది. అరవై ఏళ్ళుగా అదే పనిగా వింటున్న చెవి. మా క్లాసులో పదిమంది పాడుతుంటే వెనక వరసలో ఎవడి శ్రుతి జారిందో చూడకుండా చెప్పే చెవి. దానికే తెలియలేదంటే ఆయనకి తన మీద తనకే అనుమానం వచ్చింది. నేను ఆయన ఊపిరి మీద ఒక అబద్ధం పెడితే, అది చెవి మీద కూడా పడింది. "అది మిషను పనండీ, ఎవరికీ తెలీదు" అని ఏదో అన్నాను.

"నేను రేడియో ఆడిషన్‌కి విశాఖపట్నం వెళ్ళినప్పుడు పేరు చెప్పనిచ్చేవారు కారు. లోపల వినేవాళ్ళకి నువ్వెవరో తెలీదు, గొంతొక్కటే. రెండుసార్లు తప్పి మూడోసారి బి గ్రేడ్ వచ్చింది. ఇప్పుడు పేరు ఉంది, ఫోటో ఉంది..." అని ఆపేశారు. వాక్యం పూర్తి చెయ్యలేదు. ఆయన పూర్తి చెయ్యనిదాన్ని నేనూ చెయ్యను.

కాసేపటికి ఆయనే మళ్ళీ అందుకున్నారు. "అంటే నీ సొంతం పన్నెండు."

"అవునండీ."

"నాకు తొమ్మిదొచ్చింది ఇవాళ పొద్దున్న," అని నవ్వారు. దగ్గొచ్చింది. ఫోను అమ్మగారు తీసుకున్నారు.

ఆ రాత్రే సంస్థవాళ్ళకి మెయిలు రాశాను, జరిగింది దాచకుండా చెప్పి, నా పేరు తీసెయ్యమని. రెండు రోజుల్లో మర్యాదగా జవాబొచ్చింది. ఎడిటింగ్ చెయ్యకూడదని నిబంధన ఏదీ లేదట, పంపినవాళ్ళలో చాలామంది చేస్తారట, నిశ్చింతగా ఉండమని, ఫలితాల సభకి కుటుంబంతో రమ్మని, టేబుల్ బుక్ చేసుకుంటే తగ్గింపు ఉందని. మళ్ళీ రాశాను. ఇప్పటికి మూడు మెయిళ్ళయ్యాయి. వెబ్‌సైట్లో నా ఫోటో అలాగే ఉంది, వోట్లు పెరుగుతూనే ఉన్నాయి. నిబంధన లేదన్న మాట నిజమే, వాళ్ళ తప్పేం లేదు. నేను చేసింది నిబంధనల ప్రకారం తప్పు కాదు కాబట్టి వాళ్ళు ఏ బటన్ నొక్కి నన్ను తీసెయ్యాలో వాళ్ళకి తెలియట్లేదు, అంతే.

మా ఆవిడకి మాత్రం కోపమొచ్చింది. నేను మానుకున్నందుకు కాదు, స్టూడియో సంగతి తనకి చెప్పనందుకు. "ఆ కార్వై ఎన్నిసార్లు మా వాళ్ళకి వినిపించానో తెలుసా?" అంది. తెలుసు. వాళ్ళన్నయ్య అది రింగ్‌టోన్‌గా పెట్టుకున్నాడు. ఆయనకి ఇంకా చెప్పలేదు, ఇక్కడ చదువుతాడేమో చూడాలి.

ఆల్బంలో ఆ పాట మారుస్తున్నాను. మళ్ళీ స్టూడియోకి వెళ్ళట్లేదు, పాత టేకు ఉంది, మొదటి పన్నెండు సెకన్లు ఉంచి, చివర ఊపిరి తీసుకున్న చప్పుడుతో సహా పెట్టమన్నాను. రికార్డింగ్ అబ్బాయి "ఆ చప్పుడు బావుండదు సార్, కొంచెం తగ్గిస్తా" అంటున్నాడు. వాదన నడుస్తోంది.

నవమి నాడు గుడిలో మాస్టారు పాడినది నా ఫోన్లో ఉంది. నలభై నిమిషాలు. మధ్యలో గంటలు, పిల్లల ఏడుపులు, ప్రసాదం క్యూలో తోపులాట, ఎవరో "ఓలమ్మా, సెప్పులెక్కడ పెట్టీసినావే" అని అరవడం, అన్నీ వినపడతాయి. ఒకచోట ఆయన గొంతు ఆగిపోయి, ఊపిరి తీసుకుని, మళ్ళీ అదే సంగతి మొదట్నుంచి అందుకుంటారు. ఆయన ఒప్పుకుంటే ఇక్కడ పెడతాను. అడగాలి.

ఇప్పటికే నాకు వోటేసినవాళ్ళకి థాంక్స్, క్షమించండి కూడా. వేసిన వోటు వెనక్కి తీసుకునే బటన్ ఆ పేజీలో లేదు. వెతికాను.